గ్లుటమేట్ రిసెప్టర్ల మీద పనిచేసే ‘రీసెర్చ్ పౌడర్’: చదువు కోసం వాడొచ్చా?

వశిష్ట_ఒడ్డు · పాలకొల్లు · రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. హైదరాబాద్‌లో కోచింగ్ అయిపోయాక ఇంటికి వచ్చేశాను. అక్కడ నా రూమ్మేట్ ఒకడు ఆన్‌లైన్‌లో సునిఫిరామ్ అనే పౌడర్ తెప్పించి వాడుతున్నాడు. మెదడులో గ్లుటమేట్ రిసెప్టర్లని చురుకు చేస్తుందని, చదివింది చదివినట్టు గుర్తుంటుందని చెప్తున్నాడు. నన్ను కూడా తెప్పించుకోమని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ప్యాకెట్ ఫోటో పంపాడు. అరచేతిలో పట్టేంత వెండిరంగు పౌచ్, దాని మీద ప్రింటర్‌లో తీసి అంటించిన తెల్ల స్టిక్కర్. పేరు, ఒక గ్రాము అని బరువు, ‘ప్యూరిటీ 99%’ అని రాసి ఉంది. అడుగున సన్న అక్షరాల్లో ‘పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అని కూడా ఉంది. తయారు చేసినవాళ్ళ అడ్రస్ గానీ, తేదీ గానీ, బ్యాచ్ నంబరు గానీ ఎక్కడా కనపడలేదు.

నేను బీఏ చదివాను, సైన్స్ పెద్దగా రాదు. ఈ గ్లుటమేట్ అంటే ఏంటి? ఇది నిజంగా పనిచేస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్. ఇంట్లో అడిగితే టెన్షన్ పడతారు.

మందులకొట్టు · నరసాపురం · రాత్రి 9:58

బాబూ, ఆ పేరుతో మన దేశంలో అనుమతి ఉన్న మందు లేదు. మెడికల్ షాపులో దొరకదు. పరీక్షల రోజులొస్తే చాలు, ‘పిల్లాడికి జ్ఞాపకశక్తికి ఏదన్నా టాబ్లెట్ ఇవ్వండి’ అని అడిగే తల్లిదండ్రులు మాకు మామూలే. పిరాసెటమ్ అని కాగితం మీద రాసుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. అది డాక్టర్లు పక్షవాతం వచ్చినవాళ్ళకీ, కొన్ని నరాల జబ్బులకీ రాసే మందు. చీటీ లేకుండా ఇవ్వను.

స్టిక్కర్ మీద బ్యాచ్ నంబరు లేదన్నావు చూడు, నేనైతే అక్కడే ఆగిపోతాను. మా కొట్టుకి వచ్చే మామూలు పారాసెటమాల్ స్ట్రిప్ మీద కూడా లైసెన్సు నంబరు, బ్యాచ్, తయారీ తేదీ, గడువు అన్నీ ఉంటాయి. ఏదన్నా తేడా వస్తే ఆ సరుకంతా వెనక్కి రప్పించగలిగేది ఆ నంబరు ఉండబట్టే. నీ ఫ్రెండ్ చేతిలో ఉన్నదానికి ఆ దారి లేదు.

ఫార్మకాలజీ_టీచర్ · కాకినాడ · రాత్రి 10:35

బాబూ, కొనకముందే అడిగావు, సంతోషం. నేను మెడికల్ స్టూడెంట్స్‌కి ఫార్మకాలజీ చెప్తాను. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

మెదడులో ఒక నాడీకణం ఇంకో నాడీకణాన్ని ఉత్తేజపరచడానికి అన్నిటికన్నా ఎక్కువగా వాడే రసాయనం గ్లుటమేట్. 1950ల్లో హయాషి అనే జపాన్ శాస్త్రవేత్త దీన్ని కుక్కల మెదడు మీద ప్రయోగిస్తే వాటికి ఫిట్స్ వచ్చాయి. ఈ విషయం గుర్తుపెట్టుకో, కిందకి మళ్ళీ అవసరం పడుతుంది. 1960 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో కర్టిస్, ఫిలిస్, వాట్కిన్స్ అనే ముగ్గురు దీన్ని నాడీకణాల దగ్గరే వదిలి, అవి ఉత్తేజితం కావడం నేరుగా చూశారు. అయినా ఇదే మెదడులో ముఖ్యమైన సందేశవాహకం అని అందరూ ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే పదార్థం కదా, దీనికి ఇంత ప్రత్యేకమైన పని ఉంటుందని నమ్మలేకపోయారు.

గ్లుటమేట్‌ని అందుకునే రిసెప్టర్లు చాలా రకాలు. నీ ప్రశ్నకి కావలసినవి రెండు: ఆంపా, ఎన్‌ఎండీఏ. ఆంపా రిసెప్టర్ మహా వేగం. గ్లుటమేట్ తగలగానే తెరుచుకుని సోడియాన్ని లోపలికి పంపుతుంది. ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌కి మామూలుగా మెగ్నీషియం అడ్డం పడి ఉంటుంది. ఆంపా గట్టిగా పనిచేసి కణం బాగా ఉత్తేజితమైతేనే ఆ అడ్డం తొలగి, కాల్షియం లోపలికి వెళ్తుంది. ఆ కాల్షియం వల్లనే రెండు కణాల మధ్య బంధం గట్టిపడుతుంది. ఇలా బంధం చాలాసేపు గట్టిగా నిలవడాన్ని 1973లో బ్లిస్, లోమో కుందేలు మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో చూపించారు. జ్ఞాపకం ఏర్పడటానికి ఇదే ఆధారం అని చాలామంది నమ్మకం.

ఇప్పుడు నీ పౌడర్. కాలవ తూముకి ఉండే షట్టర్‌ని తలుచుకో. గ్లుటమేట్ వచ్చి షట్టర్ ఎత్తుతుంది. కొన్ని మిల్లీసెకన్లలోనే అది తనంతట తాను దిగిపోతుంది, గ్లుటమేట్ ఇంకా అక్కడే ఉన్నా సరే. ఆంపాకైన్లు అనే జాతి మందులు షట్టర్‌ని ఎత్తవు, ఎత్తినది దిగిపోవడాన్ని కాస్త ఆలస్యం చేస్తాయి. నీ పౌడర్ కూడా ఈ కోవలోదే అంటారు. అంటే గ్లుటమేట్ ఎక్కడ పనిచేస్తోందో అక్కడే దాని ప్రభావం పెరుగుతుంది. వినడానికి చాలా తెలివైన ఆలోచన. నిజంగానే తెలివైనది. కానీ షట్టర్ దిగాల్సినప్పుడు దిగకపోతే ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మెదడులో అయితే ముందు ఫిట్స్, మరీ ఎక్కువైతే కాల్షియం నిండి కణాలే చచ్చిపోవడం.

సునిఫిరామ్‌ని ఇటలీలో ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేశారు. ఎలకల మీద, మెదడు ముక్కల మీద పరీక్షలు జరిగాయి. ఎలకల్లో చాలా కొద్ది మోతాదుకే జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్పు కనిపించింది. మనుషుల మీద ఒక పద్ధతి ప్రకారం చేసి ప్రచురించిన ట్రయల్ ఒక్కటి కూడా నేను చూడలేదు. ఎంత మోతాదు భద్రమో, కాలేయం దాన్ని ఏం చేస్తుందో, నెలల తరబడి వాడితే ఏమవుతుందో చెప్పే ఆధారం నీ ఫ్రెండ్ దగ్గరా లేదు, అమ్మినవాడి దగ్గరా లేదు.

లంక_రైతు · ముమ్మిడివరం · రాత్రి 10:50

తమ్ముడూ, నేను రొయ్యల చెరువులు చేస్తాను. జియోలైట్ బస్తా కొన్నా, ప్రోబయోటిక్ డబ్బా కొన్నా కంపెనీ పేరు, రిపోర్టు చూడకుండా నీళ్ళలో వేయను. తక్కువ రేటుకి వస్తోందని పేరు లేని పౌడర్ వేసినవాళ్ళ చెరువులు ఏమయ్యాయో మా ఊళ్ళో అందరం చూశాం. నువ్వు ఒంట్లోకి వేసుకునే దాని గురించి అడుగుతున్నావు. వద్దు.

యానాం_కోడర్ · యానాం · రాత్రి 11:12

మేడమ్, గౌరవంతోనే విభేదిస్తున్నానండి. ఈ విషయం మీద చాలాకాలంగా పేపర్లు చదువుతున్నాను. మీరు ఎలకల దగ్గరే ఆపేశారు. సీఎక్స్-717 అనే ఆంపాకైన్‌ని 2005లో అమెరికాలో కోతులకి ఇచ్చారు. నిద్ర లేకుండా ఉంచిన కోతులు కూడా పరీక్షలో బాగా చేశాయి. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా దీనికి డబ్బులిచ్చింది. ఊరికే ఇవ్వరు కదా? పెద్ద కంపెనీలు పక్కన పెట్టేశాయని మంచి మందు చెడ్డదైపోదు. చదువుకున్న మనిషి అన్నీ తెలుసుకుని తన ఒంటి మీద తాను నిర్ణయం తీసుకుంటే తప్పేంటి?

ఫార్మకాలజీ_టీచర్ · కాకినాడ · రాత్రి 11:48

మంచి ప్రశ్నే బాబూ. కోతుల ఫలితం నిజం. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి.

అదే సీఎక్స్-717ని అమెరికా సైన్యానికి చెందిన పరిశోధకులు రాత్రి షిఫ్టు చేసే పరిస్థితి కల్పించి మనుషుల మీద పరీక్షించారు. 2007లో ఫలితాలు వచ్చాయి. చురుకుదనంలో గానీ పనితీరులో గానీ చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఏకాగ్రత సమస్య ఉన్న పెద్దవాళ్ళ మీద కూడా ట్రయల్ మొదలైంది. అంతలో జంతువుల మెదడు కణజాలంలో ఏదో తేడా కనిపించి, 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆపమంది. ఆ తేడా మందు వల్ల కాదని, కణజాలాన్ని భద్రపరిచే రసాయనంతో కలిసి ఏర్పడిందని కంపెనీ తర్వాత వాదించింది. అయినా ఆ దారి మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు.

అసలు ఈ ఆలోచన మొదలైంది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్‌లో, గ్యారీ లించ్ అనే శాస్త్రవేత్త దగ్గర. కార్టెక్స్ ఫార్మాస్యూటికల్స్ అనే కంపెనీ దాన్ని ముందుకు తీసుకెళ్ళింది. వాళ్ళ మొదటి మందు సీఎక్స్-516ని స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి, వాళ్ళు అప్పటికే వాడుతున్న మందులతో కలిపి ఇచ్చి చూశారు. 2008లో వచ్చిన ఫలితం ప్రకారం ఆలోచనాశక్తి మెరుగుపడలేదు. ఇంకొకటి ఫరాంపటార్. వయసు మళ్ళిన ఆరోగ్యవంతులకి ఇచ్చారు. ఇది శ్రద్ధగా వినండి: కొద్దిసేపు గుర్తుంచుకునే శక్తి కాస్త పెరిగినట్టు కనిపించింది, కానీ జరిగిన విషయాలని గుర్తుపెట్టుకునే జ్ఞాపకం తగ్గినట్టు కనిపించింది. పైగా తలనొప్పి, మగత, వికారం. మెయిన్స్ రాసేవాడికి కావలసింది ఆ రెండో రకం జ్ఞాపకమే. ఒక రకం పెరిగి ఇంకో రకం తగ్గొచ్చు అన్న విషయం అమ్మేవాళ్ళ పేజీల్లో ఎక్కడా కనపడదు.

‘అన్నీ తెలుసుకుని నిర్ణయం తీసుకుంటే తప్పేంటి’ అన్నావు. తప్పు లేదు. ట్రయల్‌లో చేరే మనిషి అలాగే సంతకం పెడతాడు. కానీ అక్కడ అతనికి మందు ఏమిటో తెలుసు, రక్త పరీక్షలు చేస్తారు, ఈసీజీ తీస్తారు, ఏదన్నా అయితే చూసుకోవాల్సిన బాధ్యత ఎవరిదో రాసి ఉంటుంది. హాస్టల్ గదిలో పౌచ్ విప్పేవాడికి ఆ పౌచ్‌లో ఏముందో కూడా తెలియదు. తెలియని దాని మీద ‘తెలిసి’ నిర్ణయం ఎలా తీసుకుంటాడు?

యానాం_కోడర్ · యానాం · అర్ధరాత్రి 12:05

ఫరాంపటార్ సంగతి నేను చదవలేదండి. వెతికి చదువుతాను. కానీ ఆంపా మందుల కథ అయిపోయిందని మాత్రం ఒప్పుకోను. డిప్రెషన్ మీద టాక్-653 ఫలితాలు బాగున్నాయి కదా?

ఫార్మకాలజీ_టీచర్ · కాకినాడ · ఉదయం 6:20

అయిపోయిందని నేనూ అనను. టాక్-653కి ఇప్పుడు ఒసవాంపటార్ అని పేరు. టకెడా కంపెనీలో పుట్టింది, న్యూరోక్రైన్ కంపెనీ ముందుకు తీసుకెళ్తోంది. మామూలు మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 183 మంది మీద జరిగిన రెండో దశ ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. బాగున్నాయి. మూడో దశ 2025లో మొదలైంది. నాకు ఈ మందు మీద నిజంగా ఆశ ఉంది.

అయితే ఆ ట్రయల్‌లో రెండు మోతాదులు వాడితే, స్పష్టంగా పనిచేసింది తక్కువ మోతాదు. ఎక్కువ మోతాదుకి ఆ స్థాయి ఫలితం రాలేదు. ఇంట్లో స్పూనుతో కొలుచుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకా, అది డిప్రెషన్ కోసం, పరీక్షల కోసం కాదు.

గోదారి_కోడలు · రావులపాలెం · ఉదయం 7:45

మేడమ్ గారూ, నాకో సందేహం. మా అత్తగారికి మతిమరుపు జబ్బు. న్యూరాలజీ డాక్టర్ గారు మెమాంటిన్ రాశారు. అది గ్లుటమేట్‌ని ఆపే మందు అని చీటీతో పాటు ఇచ్చిన కాగితంలో చదివాను. ఇక్కడేమో గ్లుటమేట్‌ని పెంచితే జ్ఞాపకం పెరుగుతుందంటున్నారు. ఒకరికి ఆపడం, ఒకరికి పెంచడం, రెండూ జ్ఞాపకం కోసమేనా? పొద్దున్నే ఇది చదివి కంగారు పడ్డాను. ఆవిడకి ఇస్తున్నది సరైనదేనా?

ఫార్మకాలజీ_టీచర్ · కాకినాడ · ఉదయం 8:10

కంగారు పడకండమ్మా, సరైనదే. ఎంత మంచి ప్రశ్న అడిగారో. క్లాసులో అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది.

అల్జీమర్స్‌లో గ్లుటమేట్ అవసరం లేనప్పుడు కూడా కొద్దికొద్దిగా ఎన్‌ఎండీఏ రిసెప్టర్లని కదిలిస్తూ ఉంటుందని ఒక వివరణ. ఆ గోలలో అసలు సందేశం కణానికి సరిగా అందదు, పైగా కాల్షియం వల్ల నెమ్మదిగా నష్టం జరుగుతుంది. మెమాంటిన్ ఆ రిసెప్టర్‌లో వదులుగా కూర్చుంటుంది. చిన్న కదలికలని ఆపుతుంది, బలమైన అసలు సందేశం వచ్చినప్పుడు పక్కకి తప్పుకుంటుంది. అందుకే మెమాంటిన్ వాడినా మనిషి మామూలుగా ఆలోచించగలడు. యూరప్‌లో 2002లో, అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. జబ్బు ఒక మాదిరి నుంచి ముదిరిన దశలో ఉన్నవాళ్ళకి ఇస్తారు. జబ్బుని నయం చేయదు, రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గిపోవడాన్ని కొంతకాలం నెమ్మదింపజేస్తుంది. మీ అంతట మీరు ఆపేయకండి. కొత్తగా కళ్ళు తిరగడం గానీ, తికమక పెరగడం గానీ కనిపిస్తే ఆ డాక్టర్ గారికి చెప్పండి. కిడ్నీ పరీక్ష కూడా ఎప్పుడు చేయించారో చూసుకోండి, ఆ మందు బయటకి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే.

గోదారి_కోడలు · రావులపాలెం · ఉదయం 8:22

చాలా థాంక్సండి. కిడ్నీ పరీక్ష గురించి మాకు తెలియదు. ఈసారి వెళ్ళినప్పుడు అడుగుతాను.

బోటనీ_మాస్టారు · అమలాపురం · ఉదయం 9:30

రిటైరైన బోటనీ లెక్చరర్‌ని. రసాయనం గురించి మేడమ్ గారు చెప్పారు, మొక్కల వైపు నుంచి నేను రెండు మాటలు చెప్తాను.

కోనసీమలో గేటు మీద రాధామనోహరం తీగ లేని వీధి ఉండదు. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు. దాని గింజల్ని చైనాలో కడుపులో పురుగులకి మందుగా శతాబ్దాలుగా వాడారు. ఆ గింజల్లో ఉండే క్విస్క్వాలిక్ ఆమ్లాన్ని జపాన్ శాస్త్రవేత్తలు వేరు చేశారు. అది గ్లుటమేట్‌ని పోలి ఉంటుంది. ఇప్పుడు మనం ఆంపా అంటున్న రిసెప్టర్‌ని 1980ల్లో చాలాకాలం క్విస్క్వాలేట్ రిసెప్టర్ అనే పిలిచేవారు. కోపెన్‌హాగన్‌లో తయారుచేసిన ఆంపా అనే రసాయనం ఇంకా కచ్చితంగా దానికే అతుక్కుంటుందని తేలాక పేరు మారింది. గ్లుటమేట్‌ని అందుకునే ఇంకో రకమైన కైనేట్ రిసెప్టర్ పేరు కూడా జపాన్‌లో నులిపురుగులకి వాడిన ఒక ఎర్ర సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం పేరే. పురుగుల్ని చంపడానికి మొక్కలూ నాచులూ వాడుకున్న దారి ఇది.

రెండోది బాధాకరమైన సంగతి. కేసరి పప్పు. కరువు రోజుల్లో మధ్యప్రదేశ్, బీహార్ వైపు పేదలు నెలల తరబడి అదే తిని కాళ్ళు చచ్చుబడిపోయారు. రైతుకూలీలకి కూలీ కింద అదే పప్పు కొలిచి ఇచ్చేవారు. 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, పి.ఎస్. శర్మ ఆ గింజల్లోంచి విషపదార్థాన్ని వేరు చేశారు. అది పనిచేసేది కూడా ముఖ్యంగా ఆంపా రిసెప్టర్ మీదే. అది నాడీకణాలని అతిగా ఉత్తేజపరిచి చంపేస్తుందని తర్వాత పరిశోధకులు వివరించారు. ఆ కాళ్ళు మళ్ళీ రాలేదు.

1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ ఆల్చిప్పలు తిని వంద మందికి పైగా జబ్బుపడ్డారు. సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వచ్చిన డొమోయిక్ ఆమ్లం వాటిలో చేరింది. అదీ గ్లుటమేట్‌ని పోలినదే. కొందరు చనిపోయారు. బతికిన వాళ్ళలో కొందరికి కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి శాశ్వతంగా పోయింది. ఆంపాకైన్లు, ఈ విషాలు ఒకే రకం కాదు, ఆ తేడా నాకు తెలుసు. ఆంపాకైన్ తనంతట తాను రిసెప్టర్‌ని తెరవదు. కానీ నాయనా, నువ్వు కదిలించాలనుకుంటున్నది ఏ తీగనో తెలిసి ఉండాలని చెప్తున్నాను.

పల్లె_గృహిణి · తణుకు · ఉదయం 10:05

అయితే టేస్టింగ్ సాల్ట్ కూడా గ్లుటమేటే కదండీ? పిల్లలు ఫ్రైడ్ రైస్ తింటే ప్రమాదమా?

ఫార్మకాలజీ_టీచర్ · కాకినాడ · ఉదయం 10:40

కాదమ్మా. 1908లో ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచు రసంలోంచి ఆ రుచిని కనిపెట్టాడు. టమాటాలో, ఎండురొయ్యల్లో కూడా సహజంగా ఉంటుంది. మనం తిన్న గ్లుటమేట్‌లో ఎక్కువ భాగం పేగు గోడలోనే ఖర్చయిపోతుంది. రక్తంలోకి వచ్చిన కొద్దిపాటిని మెదడులోకి పోకుండా రక్తనాళాల గోడ అడ్డుకుంటుంది. మెదడు తనకి కావలసింది తానే తయారుచేసుకుంటుంది. ఆ అడ్డుగోడని దాటేలా తయారుచేశారు కాబట్టే ఆంపాకైన్ల విషయంలో ఇంత ఆలోచించాల్సి వస్తోంది. ఫ్రైడ్ రైస్‌లో నేనైతే ఉప్పు, మళ్ళీమళ్ళీ కాచిన నూనె గురించే ఎక్కువ ఆలోచిస్తాను.

మత్తు_గది · కాకినాడ · మధ్యాహ్నం 2:15

ఆపరేషన్ థియేటర్‌లో అనస్థీషియా టెక్నీషియన్‌ని. ఈ మందులకి ఇంకో ఉపయోగం ఉంది, ఎవరూ చెప్పలేదు. ఫెంటానిల్ లాంటి నొప్పి మందులు ఎక్కువైతే ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది. మా పనిలో అన్నిటికన్నా భయం అదే, కళ్ళు మానిటర్ మీద నుంచి తీయం. ఊపిరి లయని నడిపే కణాలు మెదడు అడుగుభాగంలో ఉంటాయి, అవి ఆంపా రిసెప్టర్ల మీద ఆధారపడతాయి. కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయంలో జాన్ గ్రీర్ బృందం ఆంపాకైన్లతో ఊపిరి తిరిగి పుంజుకుంటుందని జంతువుల్లో చూపించింది. తర్వాత 2010లో సీఎక్స్-717ని ఆరోగ్యవంతులైన మనుషులకి ఆల్ఫెంటానిల్ అనే ఫెంటానిల్ జాతి నొప్పి మందుతో కలిపి ఇస్తే, ఊపిరి తగ్గడం చాలావరకు ఆగింది, నొప్పి తగ్గించే గుణం మాత్రం పోలేదు. విరుగుడుగా ఇప్పుడు వాడే నాలోక్సోన్ ఊపిరితో పాటు నొప్పిని కూడా వెనక్కి తెస్తుంది. అలాంటి మందు మా చేతికి వస్తే ఎంతమంది ప్రాణాలు నిలుస్తాయో. అందుకే ఈ పరిశోధన ఆగకూడదని నా కోరిక. రూముల్లో పౌడర్లు మింగి ఎవరికన్నా ఏదన్నా అయితే మందు జాతికే చెడ్డపేరు వస్తుంది.

యానాం_కోడర్ · యానాం · మధ్యాహ్నం 3:00

ఈ కోణం నాకు తెలియదు. ఫరాంపటార్ పేపర్ సారాంశం చదివాను, మేడమ్ చెప్పినట్టే ఉంది. కాకపోతే అది తక్కువమంది మీద చేసిన పరీక్ష. సీలేరు నీళ్ళలా ఎప్పుడూ ఒకే దారిలో పోదు సైన్స్, అని నా అభిప్రాయం అలాగే ఉంది. కానీ సునిఫిరామ్ కొనమని ఎవరికీ చెప్పను.

భీమవరం_నాన్న · భీమవరం · సాయంత్రం 5:20

మా అబ్బాయికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. రెండు మందులకి లొంగకపోతే డాక్టర్ గారు పెరాంపనెల్ కలిపారు. ఇది ఆంపా రిసెప్టర్‌ని నెమ్మదింపజేసే మందు, అంటే మీరు మాట్లాడుకుంటున్న దానికి సరిగ్గా వ్యతిరేకం. అమెరికాలో 2012లో అనుమతి వచ్చిందని ఆయనే చెప్పారు. మొదలుపెట్టేటప్పుడే కూర్చోబెట్టి, కోపం చిరాకు పెరగొచ్చు, కనిపెట్టి ఉండండి, వెంటనే చెప్పండి అన్నారు. నిజంగానే కొన్నాళ్ళు చిన్న మాటకే కంచం విసిరేవాడు. మోతాదు తగ్గించాక నెమ్మదించాడు. ఇప్పుడు ఫిట్స్ బాగా తగ్గాయి, డిగ్రీ చదువుతున్నాడు.

అనుమతి ఉన్న మందు, మంచి డాక్టరు, ప్రతి నెలా చెకప్. ఇన్ని ఉండి కూడా ఆ ఒక్క రిసెప్టర్‌ని కాస్త కదిలిస్తే మా ఇంట్లో ఇంత జరిగింది. ఆ రిసెప్టర్‌ని రెచ్చగొట్టే మందుని ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు తనంతట తాను వేసుకుంటానంటే నా గుండె ఝల్లుమంటోంది బాబూ.

వేదిక నిర్వాహకులు · సాయంత్రం 5:45

ఒక సభ్యుడు అమ్మే సైటు లింకు, మోతాదు వివరాలు పెట్టారు. తొలగించాం. చర్చ కొనసాగించండి, లింకులు, మోతాదులు మాత్రం వద్దు.

వశిష్ట_ఒడ్డు · పాలకొల్లు · రాత్రి 8:30

అందరికీ చాలా థాంక్సండి. నేను తెప్పించుకోవట్లేదు. ఇంకో రెండు విషయాలు అడగాలి. ఒకటి, మరి చదివింది నిలవాలంటే ఏం చేయాలి? రాత్రి రెండు దాకా చదువుతున్నా పొద్దున్నకి సగం పోతోంది. రెండోది ఇంకా ముఖ్యం. మీ పోస్టులన్నీ ఫ్రెండ్‌కి పంపాను. వాడు ఇప్పుడు చెప్తున్నాడు, కొన్నాళ్ళుగా తలనొప్పి వస్తోందట, పొద్దున్న బ్రష్ చేసుకునేటప్పుడు చెయ్యి ఒక్కసారి ఎగిరిపడి బ్రష్ కింద పడుతోందట. నిద్ర తక్కువై అలా అవుతోందని అంటున్నాడు. నాకు భయంగా ఉంది.

ఫార్మకాలజీ_టీచర్ · కాకినాడ · రాత్రి 8:41

రెండోదే ముందు. పొద్దున్నపూట చెయ్యి అలా ఎగిరిపడటం ఫిట్స్‌కి మొదటి గుర్తు కావచ్చు. నిద్ర లేమి కూడా ఫిట్స్‌ని రెచ్చగొడుతుంది, కాబట్టి ‘నిద్ర తక్కువై’ అన్న మాట ధైర్యం తెచ్చుకోవాల్సిన మాట కాదు. పౌడర్ ఇవాళే ఆపేయమను. రేపు పొద్దున్నే న్యూరాలజీ డాక్టర్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళమను. పౌచ్ పారేయొద్దు, వెంట తీసుకెళ్ళి చూపించాలి. ఏం వేసుకున్నాడో, ఎన్నాళ్ళుగా వేసుకున్నాడో, ఇంకేమన్నా కలిపి వాడాడో దాచకుండా చెప్పాలి. డాక్టర్‌కి పూర్తిగా చెప్తేనే సరైన వైద్యం అందుతుంది. ఇంట్లో ఎవరికన్నా ఫిట్స్ ఉన్నాయేమో కూడా అడిగి తెలుసుకుని వెళ్ళమను. డాక్టర్ చూసేదాకా బండి నడపకూడదు, ఒంటరిగా ఉండకూడదు, మేడ మీదకి వెళ్ళకూడదు. వాళ్ళ ఇంట్లో వాళ్ళ నంబరు నీ దగ్గర ఉంటే ఇప్పుడే ఫోన్ చెయ్యి.

ఇక నీ చదువు. రెండు దాకా మేలుకోవడం మానెయ్. మెలకువగా ఉన్నప్పుడు పెరిగిన ఆంపా రిసెప్టర్లు నిద్రలో తగ్గుతాయని ఎలకల్లో 2017లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపించారు. అవసరమైన బంధాలు ఉంచి మిగతావి సడలించే పని నిద్రలో జరుగుతుందని వాళ్ళ వివరణ. చదివిన పేజీని మళ్ళీ చదవడం కన్నా, పుస్తకం మూసి పాత ప్రశ్నపత్రానికి జవాబు రాసి చూసుకో. ఎక్కడ ఆగిపోయావో అదే మళ్ళీ చదువు.

వశిష్ట_ఒడ్డు · పాలకొల్లు · రాత్రి 9:05

వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చేశానండి. ఆయన హైదరాబాద్‌లోనే ఉంటారు, బయల్దేరారు. వెళ్ళేసరికి గంట పడుతుంది. ఈలోగా వాడికి నిజంగా ఫిట్స్ వస్తే రూమ్‌లో ఉన్న ఇంకో అబ్బాయి ఏం చేయాలి? వాడికి ఏమీ తెలియదు.

భీమవరం_నాన్న · భీమవరం · రాత్రి 9:09

బాబూ, ఇది నేను చెప్తాను, మాకు అలవాటైన పని. ఆ అబ్బాయికి ఇప్పుడే పంపు.

పడిపోతే గట్టిగా పట్టుకోవద్దు. చుట్టూ ఉన్న కుర్చీ, టేబుల్ పక్కకి లాగేయాలి. తల కింద మెత్తగా ఏదన్నా పెట్టి, మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నురగ బయటకి కారిపోవాలి. మెడ దగ్గర చొక్కా గుండీ విప్పాలి. చేతిలో తాళంచెవులు, ఇనుప ముక్క పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం ఏవీ వద్దు. పళ్ళ మధ్య చెంచా పెట్టొద్దు. పూర్తిగా తెలివి వచ్చేదాకా మంచినీళ్ళు కూడా పోయొద్దు. మొదలైనప్పుడు గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి తెలివి రాకుండానే మళ్ళీ మొదలైనా 108కి ఫోన్ చేయాలి. ఇదే అతనికి మొదటిసారి కాబట్టి, ఈలోపు ఆగిపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళమను. ఆ పౌచ్ జేబులో పెట్టుకోమను.